ఏడో బల్ల ఊదా బాణం

ఆ బట్టల ఫ్యాక్టరీలో ఆవిడ అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఇంకెవరికీ అక్కర్లేదు. అందరికీ ఆవిడ భూతద్దమ్మ. కుట్టి వచ్చిన చొక్కాను బల్ల మీద పరిచి, అరచేత్తో ఒక్కసారి నిమిరి, ఎక్కడ కుట్టు జారిందో, ఎక్కడ గుండీ వెంట్రుకవాసి పక్కకు పోయిందో పట్టేయడం ఆవిడ పని. పద్నాలుగేళ్లుగా అదే పని. పెళ్లికి పిలిస్తే ముందు పెళ్లికొడుకు కోటు కుట్లు చూసి, ఆ తర్వాతే మొహం చూస్తుందని తోటివాళ్లు ఏడిపించేవాళ్లు. అందులో అబద్ధం కూడా ఏమీ లేదు.

ఈ పనికి నోటితో అవసరం లేదు. తప్పు కనిపిస్తే చెప్పరు, బాణం అంటిస్తారు. చిటికెనవేలి గోరంత స్టిక్కరు, దాని మీద బాణం గుర్తు. మొన ఎటు చూస్తే తప్పు అటు ఉన్నట్టు. కుట్టేవాళ్లు ఆ బాణం చూసుకుని, విప్పి మళ్లీ కుడతారు. ఏ చొక్కాను ఏ బల్ల చూసిందో తెలియాలని ఒక్కో బల్లకు ఒక్కో రంగు ఇచ్చారు. ఏడో బల్లది ఊదా. భూతద్దమ్మ పనిలో కూర్చోగానే ఎడమచేతి మీద వరసగా పది బాణాలు అంటించుకునేది. కుడిచేయి చూడకుండానే ఒకటి పీకి చొక్కాకు తగిలించేది. ఆ చేయి ఆవిడను అడిగి పనిచేయడం మానేసి చాలా ఏళ్లయింది.

ఏడో బల్ల ఆవిడ ఒక్కదానిదే కాదు. పొద్దున ఆరింటి నుంచి రెండింటి దాకా ఆ కుర్చీలో ఇంకొకావిడ కూర్చునేది. భూతద్దమ్మ ఆవిడను పొద్దుటక్క అని పిలిచేది. ఒకే కుర్చీ, ఒకే కత్తెర, ఒకే బాణాల చుట్ట. భూతద్దమ్మను పట్టుకొచ్చి ఈ పనిలో పెట్టించింది పొద్దుటక్కే, పని నేర్పిందీ ఆవిడే. "ముందు చంకలో వెతకవే. మనుషులైనా బట్టలైనా తప్పు చంకలోనే దాచుకుంటాయి" అని మొదటి రోజు చెప్పిన మాట భూతద్దమ్మ ఇంకా నలుగురికి చెప్పింది. షిఫ్టు మారే పది నిమిషాల్లో వాళ్లిద్దరూ లోకంలో సంగతులన్నీ మాట్లాడేసుకునేవాళ్లు. పొద్దుటక్క వెళ్తూ వెళ్తూ కుర్చీని భూతద్దమ్మ ఎత్తుకు సరిచేసి పెట్టి మరీ వెళ్లేది.

భూతద్దమ్మ కూతురు కూడా అక్కడే, నాలుగో అంతస్తులో, కాలర్లు కుట్టే వరసలో. తల్లీకూతుళ్లది ఒకే షిఫ్టు. తల్లి రెండో అంతస్తులో తప్పులు వెతుకుతుంటే కూతురు పైన తప్పులు చేసి పంపిస్తుంటుందని జోకులేసేవాళ్లు. నిజానికి ఆ పిల్ల కుట్టిన కాలరుకు బాణం పడడం అరుదు.

ఒకరోజు మధ్యాహ్నం నాలుగో అంతస్తులో ఇస్త్రీ బల్ల కింద వైరు కాలింది. మంటేం లేదు, పొగ. కానీ పొగను చూసి ఇది ఉట్టి పొగేలే అని నిలబడే ధైర్యం ఎవరికుంటుంది? నూటపాతిక మంది ఒక్కసారిగా లేచారు. ముందు మెట్ల మీద కాలు పెట్టే సందు లేక సగం మంది వెనక మెట్ల వైపు పరిగెత్తారు. వెనక తలుపు ఇనపది. దానికి గొలుసు, గొలుసుకు తాళం. చొక్కాలు ఆ దారిన దొంగతనంగా దిగిపోతున్నాయని ఏడాది కిందట వేయించారు.

కింద బల్ల దగ్గరున్న భూతద్దమ్మ కేకలు విని దిగేవాళ్లకు ఎదురు ఎక్కింది. మోచేతులు తగిలాయి, ఎవరో కాలు తొక్కారు. పైకి చేరేసరికి పొగలో కూతురు కనిపించింది. పది మంది ఆడపిల్లలతో కలిసి రెండు చేతులా ఆ ఇనప తలుపును బాదుతోంది. పావుగంటలో పొగ పోయింది. అరగంటలో మిషన్లు మళ్లీ మొదలయ్యాయి. ఎవరికీ ఏమీ కాలేదు కదా అన్నారు. ఇంటికొచ్చాక ఆ పిల్ల సబ్బుతో ఎంత రుద్దినా అరచేతుల తుప్పు రంగు వదల్లేదు. భూతద్దమ్మే ఆ చేతులకు కొబ్బరినూనె రాసి, పాతగుడ్డతో ఒక్కో వేలూ తుడిచింది.

మేస్త్రీకి ఆ తాళం సంగతి నోటితో రెండుసార్లు చెప్పింది. "చూద్దాంలే అక్కా" అన్నాడు. చూద్దాంలే అన్న మాటకు ఆ ఫ్యాక్టరీలో అర్థం అందరికీ తెలుసు. గట్టిగా అడిగిన ఇస్త్రీ పనివాడు ఒకడు వారం తిరక్కుండానే పనిలో లేకుండా పోయాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కానీ, అక్కడ నోరు లేనిదే మంచిది.

ఆడవాళ్ల బాత్రూము గోడకు ఒక కాగితం ఉండేది. ఆ చొక్కాలు కొనే పెద్ద కంపెనీ వాళ్లది. ఫోనుతో దాని మీది గళ్ల క్యూఆర్ గుర్తును ఫొటో తీస్తే ఫిర్యాదు పేజీ తెరుచుకుంటుందని, మీ వివరాలు పూర్తిగా గోప్యంగా ఉంచబడతాయని రాసి ఉంది. ఎవరు ఉంచుతారో, ఎక్కడ ఉంచుతారో రాయలేదు. భూతద్దమ్మ ఆ కాగితాన్ని నాలుగేళ్లుగా చూస్తోంది. ఆ వారం మొదటిసారి చదివింది.

ఆవిడ తమ్ముడి భార్య ఒక సెల్‌ఫోన్ల షాపులో పనిచేసేది. పగిలిన అద్దాలు మార్చడం, పోయిన నంబర్లు వెనక్కి తేవడం ఆ అమ్మాయికి మంచినీళ్లు తాగినంత సులువు. భూతద్దమ్మ ఆదివారం వెళ్లి కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుని విషయం చెప్పింది.

"ఎవరు పంపారో తెలియకుండా పంపొచ్చా?" అని అడిగింది.

మరదలు చేతిలో ఉన్న ఫోను పక్కన పెట్టింది. "దారిలో ఎవరూ చదవకుండా పంపొచ్చు వదినా. అది నిజం. ఇక్కడ తాళం వేస్తే అక్కడే తెరుచుకుంటుంది. కానీ అక్కడ తెరిచేది మనిషే కదా? ఆ మనిషి దాన్ని ఎవరికి చూపిస్తాడో ఏ యాప్ చెబుతుంది?"

"మరి ఇన్ని కోట్ల మంది ఏ ధైర్యంతో రాసుకుంటున్నారే?"

"మననెవడు పట్టించుకుంటాడులే అన్న ధైర్యంతో. పట్టించుకునేవాడు ఒకడు బయల్దేరితే దాగేదేం లేదు." అలా అని కూడా పంపడానికి ఆ అమ్మాయి ఒప్పుకుంది. వదిన కళ్లలో ఏం చూసిందో మరి.

ఇద్దరూ కలిసి చేయాల్సినవన్నీ చేశారు. మరదలు షాపులో మూలపడ్డ పాత ఫోనొకటి బాగుచేసింది. సిమ్ము వేయలేదు, ఏ సిమ్ముకైనా ఎవరిదో ఒకరి పేరుంటుందని. ఇంట్లో నెట్ వద్దంది, షాపు నెట్ అసలే వద్దంది. ఫొటోలోపల తీసిన చోటూ సమయమూ దాక్కుని ఉంటాయట. భూతద్దమ్మ నోరు తెరిచింది. బొమ్మలో కనిపించని సంగతి బొమ్మలో ఉండడమేమిటో ఆవిడకు అంతుపట్టలేదు. దానికీ మరదలే ఉపాయం చెప్పింది: ఫొటోను తెర మీద పెట్టి, ఆ తెరను మళ్లీ ఫొటోగా తీస్తే పాత ఆనవాళ్లు రావు.

భూతద్దమ్మ బుధవారం కూతురు మర్చిపోయిన క్యారియరు ఇచ్చే వంకతో నాలుగో అంతస్తుకు ఎక్కింది. షిఫ్టు ఇంకా మొదలు కాలేదు, ఎవరి హడావుడి వాళ్లది. తలుపు చీకట్లో ఉంది, గొలుసూ తలుపూ ఒకే రంగు, తాళం ఎక్కడుందో సరిగా ఆనడం లేదు. గబగబా ఒక ఫొటో తీసి ఫోను జాకెట్లో దోపుకుంది. వెనక్కి తిరిగి మెట్లు దిగింది.

మర్నాడు పొద్దున బస్టాండు బెంచీ మీద కూర్చుని మరదలు ఆ ఫొటోను అటూ ఇటూ తిప్పి చూసింది. మనిషి నీడ లేదు, అద్దంలో మొహం లేదు. భూతద్దమ్మ అయితే పదిసార్లు చూసింది. వెంట్రుకవాసి తేడాను పట్టే కళ్లతో చూసింది. తాళం స్పష్టంగా కనిపిస్తోందని సంతోషించింది. ఫిర్యాదు రాసి, ఫొటో జతచేసి, బస్టాండులో అందరికీ ఇచ్చే నెట్‌లో పంపేశారు. ఆ ఫోనును మరదలు విప్పి ముక్కలు చేసి షాపు చెత్తలో కలిపేసింది. భూతద్దమ్మకు ఆ వారమంతా ఒళ్లు తేలికగా ఉంది.

పదకొండో రోజు మరదలు ఇంకో చోట కూర్చుని ఆ పేజీ తెరిచి, ఫిర్యాదు నంబరు కొట్టి చూసింది. జవాబు వచ్చి ఉంది. మీ ఫిర్యాదును గంభీరంగా పరిగణించాము, మీ ఫొటోతో సహా సంబంధిత యాజమాన్యానికి తెలియజేశాము, మీ వివరాలు ఎవరికీ చెప్పలేదు.

భూతద్దమ్మ మొహం వెలిగింది. మరదలి మొహం వాడింది.

"యాజమాన్యం అంటే మీ మేనేజరే కదా వదినా" అంది.

ఆ మర్నాడే, సరిగ్గా రెండింటికి, రెండు షిఫ్టుల తనిఖీవాళ్లనూ రెండో అంతస్తులో నిలబెట్టారు. రోజుకెన్ని చొక్కాలు అయ్యాయో చూపించే పెద్ద టీవీ ఒకటి అక్కడ గోడకు ఉంటుంది. మేనేజరు మెత్తటి మనిషి, ఎవరినైనా అమ్మా అనే పిలుస్తాడు. అరవడం ఆయనకు తెలియదు. మెత్తగా ఉంది కదా అని పత్తిలో చేయి పెడితే కాయ మొన గుచ్చుకున్నాకే తెలుస్తుంది.

"మన ఇంటి సంగతి మనలో మనం మాట్లాడుకుంటే బాగుండేదమ్మా" అని ఆయన టీవీలో ఆ ఫొటో పెట్టాడు.

గోడంత తెర మీద తలుపు, గొలుసు, తాళం. తాళానికి ఎడంపక్కన, మొన తాళం వైపు పెట్టి, ఏటవాలుగా, ఒక ఊదా బాణం.

భూతద్దమ్మకు ముందు అర్థం కాలేదు. ఆ తర్వాత తన ఎడమచేతి వంక చూసుకుంది. తను ఎప్పుడు అంటించింది? ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. ఎడమచేతి గాజులకు బాణాలు అంటుకుని ఉండి ఉంటాయి, ముందు రోజువి ఒకటో రెండో. తాళం సరిగా కనబడక కుడిచేయి తన అలవాటు ప్రకారం తన పని చేసుకుపోయి ఉంటుంది. మరి పదిసార్లు చూసిన కళ్లో? రోజుకు వెయ్యి బాణాలు చూసే కళ్లకు బాణం కనబడదు, అది చూపించేదే కనబడుతుంది. మరదలు మాత్రం చూసింది, తలుపు మీద ముందు నుంచీ ఉన్న స్టిక్కరేమో అనుకుంది. పేరు దాచారు, ఊరు దాచారు, ఫోను పగలగొట్టారు. చేతి అలవాటు దాచాలని ఇద్దరికీ తట్టలేదు.

"ఇది ఏ బల్ల రంగమ్మా?" అన్నాడు మేనేజరు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం కాదు అక్కడివాళ్లు. కానీ తలలు ఏడో బల్ల వైపు తిరగకుండా ఆపుకోవడం ఎవరి వల్లా కాలేదు.

ముందు పొద్దుటక్కను లోపలికి పిలిచారు. అయిదు నిమిషాల్లో బయటికొచ్చింది. భూతద్దమ్మను దాటుకుంటూ వెళ్తూ ఆవిడ మొహంలోకి చూడలేదు, భుజం మీద మాత్రం చేయి వేసి తీసింది. తర్వాత భూతద్దమ్మ వెళ్లింది.

"మీరేనా అమ్మా?"

"నాకు తెలియదండి."

"ఆవిడా అదే అంది" అని మేనేజరు నవ్వాడు. "సరే, వెళ్లి పని చూసుకోండి."

మర్నాడు పొద్దున పొద్దుటక్క గేటు దగ్గర కార్డు పెడితే ఎర్రలైటు వెలిగింది. మూడుసార్లు తుడిచి పెట్టిందట. మూడుసార్లూ ఎరుపే. గేటు మనిషి మొహం పక్కకు తిప్పుకుని "వెళ్లిపో అక్కా" అన్నాడట. మధ్యాహ్నం భూతద్దమ్మ వచ్చేసరికి కుర్చీలో కొత్త మనిషి ఉంది. కుర్చీ ఎత్తు ఎవరూ మార్చలేదు.

తేలు కుట్టిన దొంగలా నాలుగు రోజులు గడిపింది. లారీ మీద వెళ్లిన భర్త ఫోను చేస్తే బాగానే ఉన్నానంది. కూతురితో కూడా చెప్పలేదు. పొద్దుటక్క ఇంటికి వెళ్లడానికి మొహం చెల్లలేదు. అయిదో రోజు మేనేజరు గది తలుపు తట్టింది.

"నేనేనండి పంపింది. అక్కకేమీ తెలియదు. ఆవిడను తీసుకోండి, నన్ను పంపించేయండి" అంది ఒక్క గుక్కలో.

"కూర్చోండమ్మా" అన్నాడు ఆయన. "నాకు తెలుసు."

"తెలుసా?"

"ఆ ఫొటో నాలుగో అంతస్తుది. పొద్దుటావిడకు నాలుగో అంతస్తులో ఎవరున్నారు? మీకైతే అమ్మాయి ఉంది."

"మరి ఆవిడనెందుకండీ తీసేశారు?"

ఆయన చిన్నపిల్లకు పాఠం చెప్పినంత ఓపికగా చెప్పాడు. "మిమ్మల్ని తీసేస్తే మీకు ఇక పోయేదేముంటుంది? బయటికెళ్లి పదిమందికి చెబుతారు. ఇప్పుడు చెప్పరు. మీవల్ల ఒకరి పని పోయిందని మీకు తెలుసు. ఇక్కడ అందరికీ తెలుసు. ఇక ఎవరూ ఏ పేజీలోనూ ఏమీ రాయరు." కాసేపాగి అన్నాడు, "మీ అమ్మాయి కాలరు బాగా కుడుతుందమ్మా. వెళ్లండి, షిఫ్టు మొదలైంది."

ఆ గదిలోంచి ఎలా బయటపడిందో ఆవిడకు తెలియదు. ఆ రోజు ఏడో బల్ల మీద ఎన్ని తప్పులు వదిలేసిందో కూడా తెలియదు.

విషయం విని మరదలు ఏడ్చేసింది. "మళ్లీ రాద్దాం వదినా. ఈసారి ఫొటో లేకుండా, ఉట్టి మాటల్లో" అంది.

"ఏం రాస్తావే?" అంది భూతద్దమ్మ. "నాలుగో అంతస్తు తలుపుకు తాళమేశారని చెప్పాలంటే అది చూసినవాళ్లే చెప్పాలి. చూసినదాన్ని అని చెప్పకుండా చూసింది ఎట్లా చెప్తావు? సంగతి చెప్తే మనిషి బయటపడుతుంది, మనిషిని దాస్తే సంగతి ఉండదు. ఇందాకటి నుంచి నేను అదే ఆలోచిస్తున్నా. నాకు దారి కనబడలేదు."

ఎన్నో ఫోన్ల తాళాలు విప్పిన ఆ పిల్ల తన ఫోను బోర్లా పెట్టేసింది.

భూతద్దమ్మ కూతురిని పని మానేయమంది. ఆ పిల్ల నవ్వింది. "ఎక్కడికెళ్లమంటావమ్మా? అవతలి ఫ్యాక్టరీలో వెనక తలుపే లేదు. ఇక్కడ కనీసం ఉంది."

ఈలోగా తలుపు తెరిచారు, ఆ మాట చెప్పుకోవాలి. గొలుసు తీసేశారు, ఆకుపచ్చ రంగు వేశారు, పైన లైటు పెట్టారు. కొనే కంపెనీ నుంచి ఇద్దరు వచ్చి తలుపు తీసి, వేసి, ఫొటోలు తీసుకుని, బాగుందని రాసుకుని వెళ్లారు. ఆ రెండు వారాలు భూతద్దమ్మ ఏదో వంకతో రోజూ పైకెక్కి చూసొచ్చేది. పదిహేనో రోజు చూస్తే ఆకుపచ్చ తలుపుకు కొత్త గొలుసు ఉంది. ఈసారి తాళం కొంచెం పెద్దది.

ఆ వారం, ఇక ఉండబట్టలేక, ఒకరోజు సెలవు పెట్టి పొద్దుటక్క ఇంటికి వెళ్లింది. మేడ మీద ఒక్క గది. పొద్దుటక్క కిటికీ దగ్గర నేల మీద కూర్చుని ఎవరిదో పాత కోటు కుట్లు విప్పుతోంది. తల ఎత్తి చూసి, పక్కనున్న బట్టలు జరిపి చోటిచ్చింది. భూతద్దమ్మ కూర్చోలేదు. నిలబడే ఏడ్చింది.

"ఏడవకే" అంది పొద్దుటక్క. "నువ్వేనని నాకు ఆ టీవీలో చూడగానే తెలుసు. నేను బాణం నిలువుగా అంటిస్తాను. ఏటవాలుగా అంటించేది ఆ ఫ్యాక్టరీ మొత్తంలో నువ్వొక్కదానివే. ఎన్నిసార్లు చెప్పాను నీకు, తిన్నగా పెట్టమని?"

"తెలిసీ ఎందుకు చెప్పలేదక్కా?"

పొద్దుటక్క చేతిలో కోటు పక్కన పెట్టింది. "పొగ వచ్చిన రోజు నేను ఇంటికెళ్లిపోయాను కానీ, నువ్వు చెప్పావు కదా నీ పిల్ల చేతుల సంగతి. పోతే ఒక మనిషి పని పోతుంది, పైన నూటపాతిక మందికి తలుపు తీస్తారు అనుకున్నా. పోనీలే అనుకున్నా. నేను ముసలిదాన్నయ్యాను." ఆవిడ మొహంలో చిన్న ఆశ కనిపించింది, చూడలేనంత ఆశ. "తీశారా మరి?"

భూతద్దమ్మ అబద్ధం చెబుదామనుకుంది. మేనేజరు దగ్గర సులువుగా వచ్చిన అబద్ధం ఇక్కడ రాలేదు.

"రెండు వారాలు తీశారక్కా. మొన్న మళ్లీ వేసేశారు."

కిటికీలోంచి కింద వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేసుకుంటున్న చప్పుడు వినిపించింది. పొద్దుటక్క కోటు మళ్లీ ఒళ్లోకి తీసుకుంది, కానీ కుట్టు విప్పలేదు.

"అయితే నేనెందుకు పోయినట్టే?" అంది.

అది తిట్టు కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. భూతద్దమ్మ గోడ గడియారం వంక చూసింది. అప్పటికి నాలుగు దాటింది, కూతురు నాలుగో అంతస్తులో, గొలుసేసిన తలుపు ఇవతల, డ్యూటీలో ఉంది.